మీ తమ్ముడు బాగుపడుతున్నారు, వదినా!

జనవరి 7

వదినగారికి,

మీ మరదలు నమస్కరించి రాయునది. ఇక్కడ అందరం క్షేమం అని రాద్దామంటే పెన్ను కదలడం లేదు. నేను క్షేమం. మీ తమ్ముడి సంగతి మీరే చదివి చెప్పండి.

ఫోన్ చేద్దామంటే మా ఫోను హాల్లో ఉంది, ఆయన ఇంట్లో ఉంటే హాల్లోనే ఉంటారు. పొద్దున ఆయన పనికి వెళ్ళాక చేద్దామంటే, మీ బీమా ఆఫీసులో ఫోను మీ పెద్దసారు బల్ల మీద. అందుకే ఉత్తరం. భయం భయంగా వంటింట్లో కూర్చుని రాస్తున్నాను, అక్షరాలు వంకరగా ఉంటే ఏమీ అనుకోకండి.

కొత్త సంవత్సరం మొదటి రోజున ఆయన అలారం మోగకముందే లేచారు. లేచినవారు లేచినట్టు వెళ్ళకుండా, దుప్పటి మడత పెట్టారు. పెళ్ళయిన పందొమ్మిదేళ్ళలో మీ తమ్ముడు దుప్పటి మడత పెట్టగా నేను చూడలేదు. లాండ్రీలో బాయిలర్ పక్కన నిలబడి ఊళ్ళో హోటళ్ళన్నిటి దుప్పట్లకీ ఆవిరి అందించే మనిషి, ఇంట్లో తన దుప్పటి ఒక్కదాన్ని ముట్టుకున్న పాపాన పోలేదు. అలాంటిది అంచుకి అంచు కలిపి, పైన అరచేత్తో నొక్కి మరీ పెట్టారు. నేను పక్కమీద నుంచి కళ్ళు చిట్లించి చూస్తూ నిద్ర నటించాను. ఎందుకు నటించానో నాకే తెలియదు. భయమేసింది.

సరే, కొత్త సంవత్సరం మోజు, రెండ్రోజుల్లో తగ్గుతుందనుకున్నాను. మూడో తారీఖున ఎదురింటావిడ నిచ్చెన తిరిగి ఇచ్చొచ్చారు. ఆరేళ్ళ కిందట తెచ్చిన నిచ్చెన అది. ఆవిడ మరొకటి కొనుక్కుని ఇది మర్చిపోయింది కూడా. వెంటనే మా ఇంటికొచ్చి, "ఇల్లు ఖాళీ చేస్తున్నారా?" అని అడిగింది. లేదన్నాను. "మరి ఒంట్లో బాగుందా?" అంది.

నాలుగున స్నానాలగది కుళాయి బాగుచేశారు. ఐదున నన్ను పిలిచి ఫ్యూజు ఎలా మార్చాలో చూపించారు. నాకెందుకండీ అంటే, "నేను లేనప్పుడు పనికొస్తుంది" అన్నారు.

నేను లేనప్పుడు అంటే ఏమిటి వదినా? మనిషి కులాసాగా ఉంటే ఆ మాట అంటాడా? అమ్మాయి హాస్టల్లో పరీక్షలకి చదువుకుంటోంది, దానికేమీ రాయలేదు. మీరు ఆయన్ని చిన్నప్పటినుంచీ ఎత్తుకుని పెంచినవారు. దయచేసి వెంటనే జవాబు రాయండి.

ఇట్లు,
మీ మరదలు

తా.క.: నిన్న నేను చేసిన కూర బాగుందన్నారు. ఉప్పు వెయ్యడం మర్చిపోయిన కూర అది.


జనవరి 11

మరదలికి ఆశీస్సులు.

నీ ఉత్తరం ఆఫీసులో చదివాను. చదివి, మంచినీళ్ళు తాగి, మళ్ళీ చదివాను.

నిన్ను భయపెట్టాలని కాదు. కానీ అడిగావు కాబట్టి చెబుతున్నాను. ఇరవై ఆరేళ్ళుగా నేను చూస్తున్నది క్లెయిముల ఫైళ్ళు. అంటే ఏమిటో నీకు తెలుసు. మనిషి పోయాక మా బల్ల మీదకి వస్తాడు. ప్రతి ఫైల్లోనూ భార్య రాసిన ఉత్తరం ఒకటి ఉంటుంది. ఊళ్ళు వేరు, చేతిరాతలు వేరు, కానీ ఒక వాక్యం మాత్రం అన్నిట్లోనూ ఉంటుంది: "ఆఖరి రోజుల్లో చాలా మంచిగా ఉండేవారండీ." జ్వరం లేదు, దగ్గు లేదు, మొదటి లక్షణం మంచితనం. డాక్టర్లకి ఈ సంగతి తెలియదు. మాకు తెలుసు.

అందులోనూ మన మొద్దు సంగతి. పదేళ్ళ వయసులో వాడి చెప్పులు వాడు వెతుక్కోలేదు, నలభై ఏడేళ్ళకి ఊరికే ఫ్యూజు మార్చడం నేర్పుతాడా? వాడికేదో తెలిసింది. మనకి చెప్పడం లేదు. వాడికి చిన్నప్పటినుంచీ అదే జబ్బు. కాలు విరిగితే మూడు రోజులు కుంటుతూ బడికెళ్ళాడు, ఎందుకు కుంటుతున్నావురా అంటే రోడ్డు బాగాలేదన్నాడు.

కంగారుపడకు. నేను చెప్పినట్టు చెయ్యి. మధ్యాహ్నం వాడు కునుకు తీసేటప్పుడు నాడి చూడు. బెల్టు ఎన్నో చిల్లులో పెడుతున్నాడో చూడు. పని నుంచి ఎన్నింటికి వస్తున్నాడో రాసుకో. దగ్గరికొచ్చినప్పుడు ఏదైనా వాసన వస్తుందేమో చూడు.

ఇవన్నీ ఒక ఎత్తు, ఆఖరిది ఒక ఎత్తు. వాడితో పోట్లాట పెట్టుకో. ఏదో ఒకటి, అన్యాయంగా, నీదే తప్పు అయ్యేలా పెట్టుకో. మా ఇంటి మగవాడు ఆరోగ్యంగా ఉంటే తిరిగి అరుస్తాడు. అరిచాడా, నిశ్చింతగా పడుకో.

ఆశీస్సులతో,
నీ వదిన

తా.క.: ఈ ఉత్తరం చదివి చింపెయ్యి. వద్దులే, చింపకు. తేదీలున్న కాగితాలు తరవాత పనికొస్తాయి.


జనవరి 16

వదినగారికి నమస్కారాలు.

మీరు చెప్పినవన్నీ చేశాను. చెయ్యకుండా ఉంటే బాగుండేది.

బెల్టు ఒక చిల్లు లోపలికి వెళ్ళింది. రెండు గంటలకి షిఫ్టు దిగితే రెండుంబావుకి ఇంట్లో ఉండే మనిషి, ఇప్పుడు మూడున్నర దాటితే గానీ రావడం లేదు. ఎక్కడికెళ్ళారంటే, "దారిలో పని" అంటారు. మా ఇంటికీ లాండ్రీకీ మధ్య ఉన్నది ఒక గోడా, ఒక చెప్పులు కుట్టే దుకాణమూ. చెప్పులు చూశాను, కుట్టించినట్టు లేదు.

ఇక వాసన. చేతులకి మందు వాసన వస్తోంది వదినా. ఆవిరి వాసన, సబ్బు వాసన నాకు తెలియనివి కావు, పందొమ్మిదేళ్ళుగా ఆ చొక్కాలు ఉతుకుతున్నదాన్ని. ఇది ఆసుపత్రి వాసన. గోళ్ళ సందుల్లో తెల్లటి మలాం కూడా కనిపించింది.

అయినా ధైర్యం తెచ్చుకుని పోట్లాట పెట్టుకున్నాను. ఆయన గడియారాన్ని నేనే కింద పడేసి, అద్దం పగలగొట్టి, దాన్ని ఇంత అంచున ఎందుకు పెట్టారని నేనే అరిచాను. నాకే సిగ్గేసింది, అంత అన్యాయం. ఆయన గాజు ముక్కలన్నీ ఏరి కాగితంలో పొట్లం కట్టి, నావైపు చూసి, "తప్పు నాదే" అన్నారు.

వదినా, "తప్పు నాదే" అన్నారు! నేను వంటింట్లోకి పోయి, కుళాయి తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చాను.

అసలు సంగతి ఇంకా రాయలేదు. ఆయన బట్టల అల్మరాలో చొక్కాల కింద ఒక పుస్తకం దొరికింది. బాయిలర్ రూములో ఉండే షిఫ్టు రిజిస్టర్ లాంటిదే, గీతలు గీసి ఉంది. మీకు తెలుసో లేదో, అక్కడ షిఫ్టు దిగే మనిషి ఊరికే దిగడానికి లేదు. ఏది ఎలా ఉంది, ఎక్కడ లోపముంది, అన్నీ రాసి "అప్పగించాను" అని సంతకం పెట్టాలి. తరవాత వచ్చే మనిషి చదివి "అందుకున్నాను" అని పెట్టాలి. ఆ సంతకం పడేదాకా మొదటి మనిషి బాయిలర్ వదిలి కదలకూడదు. ఈయన తరవాతి షిఫ్టు మీసాలాయన ఎప్పుడైనా ఆలస్యంగా వస్తే, ఈయన ఇంటికొచ్చి ఆ మీసాల్ని తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టేవారు.

ఇంట్లో దొరికిన పుస్తకంలో బాయిలర్ లేదు. మా ఇల్లుంది. "పొయ్యి: బాగుంది. ఎడమ బర్నరు శుభ్రం చేశాను. అప్పగించాను." "స్నానాలగది కుళాయి: వాషరు మార్చాను. అప్పగించాను." "వెనక తలుపు గడియ: వదులుగా ఉంది, జాగ్రత్త. అప్పగించాను." ప్రతి పేజీ కిందా ఆయన సంతకం. పక్కన "అందుకున్నవారు" అన్నచోట ఖాళీ.

షిఫ్టు దిగే మనిషి రాసే రాత కదా వదినా ఇది! ఎక్కడికి దిగిపోతున్నారు ఈయన?

మీ మరదలు

తా.క.: నాడి చూశాను. ఆయనది డెబ్బై రెండు. సరిగ్గా పట్టుకున్నానో లేదో అని నాదీ చూసుకున్నాను. నూట పది. వదినా, పోయేది నేనేమో.


జనవరి 20

మరదలికి,

"తప్పు నాదే" అన్న మాట దగ్గర నేను ఫైలు మూసేసి, సెలవు చీటీ రాసి ఇంటికొచ్చేశాను. మా వంశంలో ఆ మాట అన్నవాళ్ళు లేరు. మా నాన్న మంచం మీద ఆఖరి రోజున కూడా, "ఈ మంచం నేను చెప్పిన వైపు వేసుంటే ఇంతదాకా వచ్చేది కాదు" అన్నాడు.

మందు వాసన, చెప్పని గంటన్నర, బెల్టు చిల్లు, ఇప్పుడు ఈ పుస్తకం. నాకిక అనుమానం లేదు. వాడు ఆసుపత్రికి వెళ్ళి కట్టు కట్టించుకొస్తున్నాడు. ఒంటి మీద ఎక్కడో ఏదో ఉంది. వాడు స్నానం చేసేటప్పుడు చూడమని చెబుదామనుకున్నాను, కానీ కుళాయి కూడా బాగుచేశాడంటివి, ఇక నిన్ను లోపలికి పిలవడానికి వాడికి వంక లేదు.

నువ్వు రాసిన ఉత్తరంలో ఒక్క వాక్యం మాత్రం నా ప్రాణం నిలబెట్టింది. సంతకం పడేదాకా మొదటి మనిషి కదలకూడదు అన్నావు చూడు, అది. వాడు దేన్నయినా తప్పుతాడేమో గానీ బాయిలర్ రూలు తప్పడు. మా అమ్మ పోయినరోజు కూడా మీసాలాయన వచ్చి సంతకం పెట్టేదాకా కదల్లేదు వాడు, గుర్తుందా? అప్పుడు నేను వాణ్ణి నానా మాటలూ అన్నాను. ఇప్పుడు ఆ మొండితనమే మనకి దిక్కు.

నువ్వు ఆ పుస్తకంలో సంతకం పెట్టకు. పెట్టకపోవడమే కాదు, పెట్టనని రాయి. స్పష్టంగా, ఆఫీసు భాషలో, తేదీ వేసి రాయి.

ధైర్యంగా ఉండు. నేనిక్కడ ధైర్యంగానే ఉన్నాను, కాకపోతే రెండ్రోజులుగా ముద్ద మింగుడు పడటం లేదు. వాడు పేరుకి తమ్ముడే గానీ నా చేతుల్లో పెరిగినవాడు. ముందు పోవడానికి పెద్దదాన్ని నేనుండగా వాడికేం తొందర?

నీ వదిన

తా.క.: నూట పది ఎక్కువే, జాగ్రత్త. కానీ ఇప్పుడు నీ వంతు కాదు. వరసలో నిలబడు.


జనవరి 25

వదినగారికి,

మీ మాట విన్నాను. ఇప్పుడేం చెయ్యాలో తెలియక చేతులు పిసుక్కుంటున్నాను.

ఇరవై రెండో తారీఖు పొద్దున, ఆయన మొహం కడుక్కుంటూండగా పుస్తకం తీసి, "అందుకున్నవారు" అన్నచోట ఇలా రాశాను: "అందుకోను. మీరు ఎక్కడికీ వెళ్ళడానికి వీల్లేదు. ఇట్లు, మీ భార్య." తేదీ వేశాను. పుస్తకాన్ని టీ కప్పు పక్కన పెట్టాను.

ఆయన చదివారు. రెండుసార్లు చదివారు. టీ తాగకుండా నిలబడ్డారు. తరవాత చొక్కా విప్పి కొక్కేనికి తగిలించి, వంటింటి గుమ్మం దగ్గర కుర్చీ వేసుకుని కూర్చున్నారు.

ఈరోజుకి నాలుగో రోజు. మనిషి ఇల్లు కదల్లేదు. పనికి వెళ్ళలేదు. ఏమండీ అంటే, "సంతకం పడలేదుగా" అంటారు. పెడతానండీ అందామంటే, పెట్టగానే ఎక్కడికి పోతారోనని నోరు రావడం లేదు. పెట్టకపోతే ఉద్యోగం పోయేలా ఉంది. నన్ను ఏం చెయ్యమంటారు చెప్పండి?

అక్కడ లాండ్రీలో ఏ బాయిలరూ సరిగ్గా వెలగడం లేదట. నిన్న సూపర్‌వైజరు మా ఇంటికే వచ్చాడు. హోటళ్ళవాళ్ళు దుప్పట్లేవని పీకల మీద కూర్చున్నారట. "ఎందుకయ్యా రావడం లేదు?" అని అడిగాడు. మీ తమ్ముడు లేచి నిలబడి, "నా రిలీవరు చార్జి తీసుకోలేదు సార్" అన్నారు. ఎవరా రిలీవరు అన్నాడతను. ఈయన నావైపు చూశారు. అతనూ నావైపు చూశాడు. చూసి, టోపీ చేత్తో పట్టుకుని, "రూలు రూలే కదమ్మా, మీరే కాస్త ఆలోచించండి" అని వెళ్ళిపోయాడు.

వదినా, అసలు భయం ఇది కాదు. పొద్దునంతా కుర్చీలో బాగానే ఉంటారు. గంట గంటకీ పుస్తకంలో రాస్తారు: "పది గంటలు: అంతా మామూలే." కానీ గడియారం రెండు కొట్టేసరికి మనిషి మనిషిలా ఉండరు. లేస్తారు, కూర్చుంటారు, తలుపు దగ్గరికెళ్ళి గడియ పట్టుకుని నిలబడతారు. చెమటలు. మూడున్నర దాటాకే మళ్ళీ కుదుటపడతారు. ఆ వేళకి ఆయనకి అక్కడ మందు వేస్తారు కదా! నేను ఆ మందు తప్పిస్తున్నాను కదా! ప్రాణం నిలబెడుతున్నానో తీస్తున్నానో నాకు తెలియడం లేదు.

నాకు నిజంగా భయంగా ఉంది. పందొమ్మిదేళ్ళుగా ఈ మనిషి మారాలని గోడలు దద్దరిల్లేలా అరిచాను. దుప్పటి మడత పెట్టకపోయినా, కుళాయి కారుతూనే ఉన్నా నాకు చాలు. ఆ మనిషిని ఎదురుగా ఉండనిస్తే చాలు.

మీరు రండి.

మీ మరదలు

తా.క.: ఇవాళ మూడు గంటల రాత ఇది, ఉన్నదున్నట్టు దించుతున్నాను: "వంటింట్లో గిన్నెల చప్పుడు మామూలు కంటే ఎక్కువగా ఉంది. కారణం తెలియదు. అడగడానికి ధైర్యం చాలలేదు."


జనవరి 28

మరదలా,

శనివారం బస్సుకి వస్తున్నాను. నాలుగు రోజుల సెలవు అడిగితే పెద్దసారు ఎందుకన్నాడు. తమ్ముడు మంచివాడైపోతున్నాడని చెప్పాను. అతనూ ఈ ఆఫీసులో పాతికేళ్ళుగా ఉన్నవాడే, వెంటనే సంతకం పెట్టి, కళ్ళజోడు తుడుచుకున్నాడు.

నేనొచ్చేలోపు నువ్వు ఒక పని చెయ్యి. వాడు పనికి తీసుకెళ్ళే సంచి కుర్చీ వెనకో తలుపు వెనకో ఉంటుంది. అందులో చూడు. ఒక కవరు ఉంటుంది. ఉండి తీరుతుంది. ఏ ఫైల్లోనయినా ఆఖరికి సంచిలో ఒక కవరు దొరుకుతుంది, భార్యకి తెలియని కవరు. అందులో డాక్టరు రాసిందుంటుంది. దాన్ని తీసి చదువు. చదివే ముందు కూర్చో. మొద్దు చేతిలో పెట్టి, ఇదేమిటని అడుగు. ఇక గుట్టుగా నాడులు చూడటాలూ, వాసనలు చూడటాలూ చాలు. మనిద్దరం చదువుకున్నవాళ్ళం, ఎదురుగా ఉన్న మనిషిని ఒక్క ముక్క అడగడానికి ఇన్ని రోజులు పట్టింది మనకి.

వాడేం చెప్పినా నేనున్నానని చెప్పు.

నీ వదిన

తా.క.: కిటికీ సీటు దొరికింది. ఏడవడానికి వీలుగా ఉంటుంది.


జనవరి 30

వదినగారికి,

ఈ ఉత్తరం మీరు బస్సెక్కేలోపు అందాలని పోస్టాఫీసుకి నేనే పరుగెత్తుకెళ్ళి వేస్తున్నాను. మీరు తప్పకుండా రండి. కానీ ఏడవకుండా రండి.

మీరు చెప్పినట్టే సంచిలో కవరు దొరికింది. నలిగి, నాలుగు మడతలు పడి, మూలల్లో నల్లటి మసి అంటి ఉంది. పదిసార్లు విప్పి మూసిన కవరని చూస్తేనే తెలుస్తోంది. నేను కూర్చున్నాను. విప్పాను.

వదినా, అది డాక్టరు రాత కాదు. మీ రాత.

"చిరంజీవి మొద్దుకి. ఈ సంవత్సరమైనా మనిషివి కా. ఒకటి: లేవగానే నీ దుప్పటి నువ్వు మడత పెట్టు. రెండు: ఎవరి దగ్గర తెచ్చినది వాళ్ళకి తిరిగి ఇచ్చెయ్యి. మూడు: ఇంట్లో పాడైనవి బాగుచెయ్యి. నాలుగు: నీ భార్య పెట్టింది తిని బాగుందని ఒక్క మాట అను. ఐదు: తప్పు నీదని ఒప్పుకోవడం నేర్చుకో. ఆరు: నువ్వు లేనప్పుడు పనికొస్తుంది, ఫ్యూజు మార్చడం లాంటివి నీ భార్యకి నేర్పు..."

నేను చదువుతూ చదువుతూ ఎక్కడ నవ్వడం మొదలుపెట్టానో, ఎక్కడ ఏడుపులోకి జారానో నాకే తెలియదు. మీరు రాసింది మీరే ఎలా గుర్తుపట్టలేదు వదినా? ఆయన్ని అడిగితే చెప్పారు. ఏటా డిసెంబరు ఆఖర్లో లాండ్రీ చిరునామాకి మీ దగ్గర్నుంచి ఇదే ఉత్తరం వస్తుందట, పందొమ్మిదేళ్ళుగా, కార్బను పెట్టి తీసినట్టు ఇవే పది సూత్రాలు. మొదటి ఏడాది చదివారట. మిగతా పదిహేడూ విప్పకుండా బాయిలర్ రూములో ఊగే బల్ల కాలి కింద పెట్టారట. బల్ల ఇప్పుడు ఊగడం లేదట.

మరి ఈ ఏడాది ఎందుకు విప్పారని అడిగాను. గుమ్మం దగ్గర కుర్చీలోనే ఉన్నారు. నేను కింద కూర్చున్నాను. కవరు తీసుకుని, ఏడో సూత్రం మీద వేలు పెట్టి చూపించారు. "ఏడు: భయమేస్తే ఇంట్లో చెప్పు. కాలు విరిగినా రోడ్డు బాగాలేదనకు."

"ఆరు చేశాను" అన్నారు. "ఇది ఒక్కటీ నావల్ల కాలేదు. అందుకే ఆ ఆరూ మళ్ళీ మళ్ళీ చేస్తూ వచ్చాను."

డిసెంబరు ఇరవై తొమ్మిదిన, షిఫ్టు దిగే వేళకి, ఆవిరి పైపు అతుకు దగ్గర సన్నగా బుసకొట్టడం ఆయన చూశారట. రాయాలి. రాయడానికి పెన్ను కోసం జేబు తడుముకుంటే దొరకలేదట. మీసాలాయన అప్పటికే లోపలికొచ్చి సంతకం పెట్టేస్తున్నాడు. రేపు రాద్దాంలే అని ఇంటికొచ్చేశారు. గంట తరవాత ఆ అతుకు విడిపోయింది. మీసాలాయన మోచేతి నుంచి వేళ్ళదాకా కాలింది. ప్రాణానికేం లేదు, చెయ్యి కూడా దక్కుతుందన్నారట. కానీ ఇంట్లో ఒక్కడే మనిషి, కట్టు మార్చేవాళ్ళు లేరు. రోజూ రెండింటికి ఈయన వెళ్ళి మలాం రాసి, కట్టు కట్టి, ముద్దలు కలిపి పెట్టి వచ్చేవారు, ఈ కుర్చీలో కూర్చునేదాకా. మూడున్నర దాకా పట్టేది. ఇంట్లో కూర్చున్న రోజుల్లో ఆ వేళకి గడియ పట్టుకుని నిలబడింది అందుకే. వదినా, ఆయన తనకి తానుగా ఒంటికి మందు రాసుకోలేదు. ఒక్కరోజూ.

మర్నాడు బాయిలర్ రూములో ఒంటరిగా కూర్చుని ఉంటే మీ కవరు వచ్చిందట. చేతులు ఊరుకోక విప్పారట.

"అక్కడ ఒక్క ముక్క రాయకపోతే ఒక మనిషి చెయ్యి కాలింది. ఇంట్లో నీకు నేను ఎన్ని ముక్కలు చెప్పలేదో లెక్క చూసుకున్నాను. గుండె ఆగినంత పనయింది" అన్నారు. "నోటితో చెప్పలేను. అందుకని రాశాను. నువ్వు చదివి సంతకం పెడతావని చొక్కాల కింద పెట్టాను, ఎలాగూ మడతలు సరిచేస్తావు కదా. నువ్వేమో అందుకోనన్నావు. నన్ను క్షమించలేదు కాబోలు అనుకున్నాను."

నేను క్షమించలేదనుకున్నారట! తొమ్మిది రోజులు కుర్చీలో కూర్చుని, నేను శిక్ష వేశాననుకుని అనుభవించారు, పిచ్చి మనిషి. మనమిద్దరం ఆయన చచ్చిపోతున్నారని ఏడుస్తుంటే, ఆయన నేను వదిలేస్తానేమోనని వణుకుతున్నారు.

ఇక ఆగలేక, "ఇప్పుడు ఏమనిపిస్తోంది మీకు?" అని అడిగాను. మీ తమ్ముణ్ణి నేను ఎప్పుడూ అడగని ప్రశ్న అది. ఎన్నింటికి వస్తారు, ఏం తెచ్చారు, ఎందుకు తేలేదు, ఇవే అడిగాను ఇన్నాళ్ళూ.

ఆయన చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని, నేల వైపు చూస్తూ, "భయమేస్తోంది" అన్నారు. "ఆ పైపు పక్కకి రోజూ వెళ్ళాను. రోజూ కాళ్ళు వణికాయి. ఎవరికీ చెప్పలేదు."

నేను పుస్తకం తెచ్చి, ఆ మాటే రాయించాను. కింద సంతకం పెట్టాను. ముప్పావు గంటలో చొక్కా వేసుకుని వెళ్ళిపోయారు, ముందు మీసాలాయన దగ్గరికి, అటునుంచి లాండ్రీకి. నేను గుమ్మంలో నిలబడి చూశాను. భయం పోలేదు వదినా. ఆ పైపు నిజం, ఆ ఆవిరి నిజం, రోజూ ఆయన దాని పక్కన నిలబడటం నిజం. కానీ ఇవాళ్టి నుంచి ఆ భయం ఇద్దరం కలిసి పడతాం. మీరొస్తే ముగ్గురం.

ఇట్లు,
మీ మరదలు

తా.క.: మీ పదో సూత్రం "ఇవన్నీ నేను రాశానని నీ భార్యకి చెప్పకు" అని ఉంది. ఏడోది చేస్తే పదోది తప్పాల్సి వస్తోందని, మీరొచ్చినప్పుడు ఏ సూత్రం ముందో తేల్చి చెప్పమని అడగమన్నారు. తనే అడగచ్చు కదా అంటే, మా అక్కంటే నాకు భయం అన్నారు. వెంటనే, "చూశావా, ఇదీ చెప్పేశాను" అన్నారు.